షమిస్సో పేరిటి బహుమానము

తన నీడ నమ్ముకొనిన మనుజుని కథ యొకటి జర్మను భాషలో కలదు. బూడిదరంగు కోటు తొడిగిన అపరిచితు డొకడు పీటర్ ష్లెమీల్ అను యువకునకు ఎన్నటికిని తరుగని ధనపు సంచి నిచ్చి, బదులుగా వాని నీడను చుట్టచుట్టి జేబులో వేసికొని పోవును. సంపద యెంత యున్నను నీడ లేనివానిని జనులు తమలో చేరనీయరు. 1814లో వెలువడిన ఈ కథను రచించిన అడెల్బెర్ట్ ఫాన్ షమిస్సో పుట్టుకచే జర్మను గాడు, ఫ్రెంచివాడు.

ఆయన 1781లో షాంపేన్ సీమలోని బోంకూర్ కోటలో జన్మించెను. విప్లవము చెలరేగగా కుటుంబ మాస్తి గోల్పోయి, పలుచోట్ల తిరిగి, తుదకు బెర్లిను చేరినది. బాలుడు ప్రష్యా రాణి కొలువున పరిచారకుడై, పిదప సైన్యమున చేరెను. జర్మను ఆయన యెదిగిన మీదట నేర్చిన భాష. 1813లో ప్రష్యా నెపోలియనుపై కత్తి దూసినపుడు జన్మభూమిపై పోరలేక, అన్నము పెట్టిన దేశమునకు ఎదురు నిలువలేక, పల్లెపట్టున మొక్కలను పరిశీలించుచు ఈ కథ వ్రాసెను. నీడ యనగా స్వదేశమే యని కొందరి వ్యాఖ్య. ఆయన మాత్రము తరువాతి ఫ్రెంచి ముద్రణ పీఠికలో, నీడకు భౌతికశాస్త్ర గ్రంథము నుండి నిర్వచనము చూపి పరిహాసమాడెను!

ఇక రెండవ ప్రపంచయుద్ధానంతరపు మాట. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతోను, 1961లో టర్కీతోను ఒడంబడికలు చేసికొని కూలీలను రప్పించినది. వారికి ‘అతిథి కార్మికులు’ అని పేరు. అతిథి యనిన పిమ్మట తిరిగి పోవలెను గదా! పలువురు పోలేదు. వారిలో కలము పట్టినవారిని గుర్తించి, మ్యూనిచ్ ఆచార్యుడు హారాల్డ్ వైన్‌రిష్ ప్రేరేపింపగా, రాబర్ట్ బాష్ సంస్థ 1985లో షమిస్సో పేర బహుమానము నెలకొల్పినది. ప్రధాన బహుమాన మొకటి, కొత్త రచయితలకు ప్రోత్సాహక బహుమాన మొకటి. తుది సంవత్సరములలో అవి 15,000, 7,000 యూరోలు. విచిత్ర మేమనగా, తొలి బహుమాన మందిన ఆరాస్ ఎరెన్ టర్కీ భాషలో వ్రాయువాడు. ఆయన కృతులు అనువాదములుగ జర్మనులను చేరినవి. ఆ యేటి ప్రోత్సాహక బహుమానము డమాస్కసు వాడైన రఫీక్ షామీకి దక్కినది.

1999లో బహుమాన మందిన ఎమినె సెవ్గి ఎజ్‌దమార్ 1965లో కర్మాగారపు పనికై బెర్లిను వచ్చిన యువతి. ఆమె నవలలో నాయిక రేడియో వాల్వులు కూర్చుచుండును. మన యిండ్లలో ఒకనాడు వెచ్చగా వెలిగిన వాల్వుల వెనుక ఎట్టి చేతులుండెనో! హంగరీలో జన్మించిన తెరేజియా మోరా 2000లో ప్రోత్సాహకమును, 2010లో ప్రధాన బహుమానమును పొందినది. జర్మను సాహిత్యమున మిక్కిలి గౌరవమైన బ్యూహ్నర్ బహుమానము 2018లో మోరాకును, 2022లో ఎజ్‌దమార్‌కును లభించినది.

అయినను, ఈ సత్కారములో ఒక ముల్లు కలదు. వేరు పంక్తి వేసి వడ్డించుట మర్యాదయా, వెలివేతయా? తమ్ము రచయితలుగ గాక వలసవారుగ చూచుచున్నారని కొందరు నొచ్చుకొనిరి. ఆశయము నెరవేరినది, వీరికిపుడు అన్ని బహుమానములును అందుబాటులో నున్నవని చెప్పి సంస్థ 2017తో దీనిని ముగించినది. పేరుగాంచిన వారి విషయమున ఆ మాట నిజమే. తొలి పుస్తకము చేతబట్టి ప్రచురణకర్త గడప యెక్కువాని విషయమున నేనట్లు చెప్పజాలను. 2015లోనే లక్షలాది శరణార్థులు ఆ దేశము చేరియుండిరి.

చివరి ప్రధాన బహుమాన మందిన అబ్బాస్ ఖిదర్ బాగ్దాదున జన్మించి, సద్దాము చెరసాలలో మ్రగ్గి, దేశదేశములు తిరిగి 2000లో జర్మనీ చేరినవాడు. ఆయనయు జర్మను భాషను పెద్దవాడైన పిదపనే నేర్చెను.