శిఖిముఖిని రాసిందెవరు?

మొన్న సెలవులకి అల్లవరం వెళ్ళి అటక దులుపుతుంటే, మా మామ్మ కుట్టించిన ‘శిథిలాలయం’ బైండు దొరికింది. నెలనెలా చందమామలోంచి సీరియల్ కాగితాలు విడదీసి దాచి, అన్నీ అయ్యాక కలిపి కుట్టించేదిట. మీ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు చేసే ఉంటారు. 1996 నవంబరు తుపానుకి పెంకులు లేచిపోయి పుస్తకాల పెట్టె తడిసి ముద్దయింది. ఎండబెడితే దక్కింది ఇదొక్కటే. అదీ చివరి పేజీలు లేకుండా. ఆ చివరిభాగం మామ్మ నోటితో చెప్పేది, ఒక్కోసారి ఒక్కోలాగ!

తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడు ఫోను పక్కన పడేసి రెండు రాత్రుల్లో చదివేశాడు. “అమ్మా, ఇది ఎవరు రాశారు?” అన్నాడు. ఎంత వెతికినా పేరు లేదు. బొమ్మల మూల ‘చిత్రా’ అన్న సంతకం మాత్రం ఉంది. చిన్నప్పుడు నేనయితే కథ కూడా ఆయనదే అనుకునేదాన్ని.

రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు గారూ, దాసరి గారూ అందులో చేరారు. 1954లో ‘తోకచుక్క’ మొదలు ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు సీరియళ్ళు ఈయనవే. రచయిత పేరు వేయలేదు. హిందీలో, తమిళంలో వాటిని చదివిన పిల్లలకీ ఆయనెవరో తెలీదు. అంతెందుకు, తెలుగు బి.ఏ. చదివిన నాకే పెళ్ళయ్యాక ఎప్పటికో తెలిసింది. మా పాఠాల్లో ఆయన ఊసే లేదు.

మాంత్రికులు, రాక్షసులు, కొండలు, అడవులు. ప్రతినెలా సరిగ్గా ప్రాణం మీదకొచ్చిన చోట ఆపేసేవారు. అయినా పిల్లల చేతికివ్వడానికి జంకక్కర్లేదు. శిఖిముఖి, విక్రమకేసరి ఒకరికోసం ఒకరు ఎంతకైనా తెగిస్తారు. మాంత్రికుల్ని చూసి భయంతోపాటు నవ్వూ వస్తుంది. నాకున్న ఫిర్యాదల్లా ఒక్కటే, ఆ సాహసాల్లో ఆడపిల్లల వాటా మరీ తక్కువ. ‘మాయాసరోవరం’లో రాకుమారిని ఎత్తుకుపోతే వెతకడానికి బయల్దేరేది మళ్ళీ మగవాళ్ళే!

దాసరి గారు 2006 దాకా చందమామలోనే పనిచేసి, 2010 జనవరిలో పోయారు. ఆ సీరియళ్ళు తర్వాత ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. మావాడు చివర ఏమైందో చెప్పమని ప్రాణం తీస్తుంటే ఒకటి తెప్పించాను. నేనూ చదివాను. మామ్మ చెప్పిన ముగింపుల్లో ఒక్కటీ అందులో లేదు.

పాత బైండు మొదటి పేజీలో మామ్మ తన పేరు రాసుకుంది. దానికింద మావాడు పెన్నుతో ‘రచన: దాసరి సుబ్రహ్మణ్యం’ అని రాశాడు.