కుప్ప నిలవాలి

జనవరి మొదటి వారం, శుక్రవారం రాత్రి. విజయవాడ పటమటలో మూడో అంతస్తు గది. కిటికీ అవతల బందరు రోడ్డు మీద లారీల రొద ఇంకా సద్దుమణగలేదు. గదిలో రెండు ల్యాప్‌టాప్‌లు, నేల మీద చాప. అక్క కోడ్ రాస్తుంది, తమ్ముడు బొమ్మలు వేస్తాడు. ఆన్‌లైన్ గేమ్ జామ్ ఇప్పుడే మొదలైంది. ఇచ్చిన అంశం ఒక్క మాట: బరువు. 48 గంటల్లో ఆట తయారై ఆడేవాళ్ల చేతికి అందాలి.

మీరూ వచ్చి ఆ చాప మీద కూర్చోండి. స్క్రీన్ మీద గోడో ఇంజిన్ తెరిచి ఉంది. అక్క ఒక దిమ్మె గీసి దానికి ద్రవ్యరాశి ఇచ్చింది. మీట నొక్కగానే అది పడింది. దాని మీద ఇంకొకటి, ఆ పైన ఇంకొకటి. వరస ఎత్తు పెరిగేసరికి అడుగు దిమ్మెలు సన్నగా వణకడం మొదలుపెట్టాయి. ఎవరూ ముట్టుకోలేదు, గాలి అనేదే ఆటలో ఇంకా లేదు. అయినా వణుకు ఆగదు.

"ఎందుకక్కా అలా ఊగుతున్నాయి?"

"లెక్క తెమలట్లేదురా."

ఇంజిన్ సెకనుకు 60 సార్లు ఈ లోకాన్ని లెక్కగడుతుంది. ఏ దిమ్మె దేన్ని తాకింది, ఎంత బలంతో తోసింది అని చూస్తుంది. అన్ని తాకిళ్లనూ ఒక్కసారే తేల్చదు. ఒక్కోదాని దగ్గరికి వెళ్లి కొంచెం సర్ది, మళ్లీ మొదటికొచ్చి ఇంకొంచెం సర్దుతుంది. పైనున్న బరువంతా అడుగు దిమ్మె దాకా చేరేలోపే ఆ క్షణానికి ఇచ్చిన విడతలు అయిపోతాయి. తేలకుండా మిగిలిన ఆ కాస్త తేడాయే మనకు కనిపించే వణుకు. ఈ తరహా పద్ధతిని ఎరిన్ కాటో 2006లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వివరించాడు. ఆయన రాసిన బాక్స్‌టుడి ఇంజిన్ మీదే 2009లో యాంగ్రీ బర్డ్స్ వచ్చింది.

అక్క విడతలు పెంచింది. బరువైనవి కిందికి, తేలికవి పైకి వచ్చేలా మార్చింది. కదలిక ఆగిన దిమ్మెను ఇంజిన్ నిద్రపుచ్చేలా చూసింది. వరస కుదురుకుంది.

తమ్ముడు కాసేపు ఆడి మౌస్ వదిలేశాడు. "నిలబడుతుంది గానీ అక్కా, ఆడాలనిపించట్లేదు."

అతను చెప్పింది నిజం. అన్నీ ఒకే కొలత దిమ్మెలు, నిటారుగా పేర్చుకుపోవడమే. పేర్చిన చెక్కల్లోంచి ఒక్కోటి లాగే జెంగా ఆట పుట్టుక చూడండి. దాన్ని రూపొందించిన లెస్లీ స్కాట్ కుటుంబం 1970లలో ఘనాలోని టాకొరాడిలో, అక్కడి కోతమిల్లు చెక్కముక్కలతో ఆడుకున్న ఆట అది. 1983లో లండన్‌లో బజారుకెక్కింది. ఆ చెక్కలు అచ్చంగా ఒకే కొలతలో ఉండవు. ఒకటి వదులుగా ఉంటుంది, ఒకటి బిగిసి ఉంటుంది. ఆట ప్రాణం ఆ కాస్త తేడాలోనే ఉంది. ఆ ఊళ్లో కోతమిల్లు ఉంది. మరి మన దగ్గర పేర్చేదేముంది?

అక్క ఫోన్ తీసి పామర్రు అవతల పల్లెలో ఉన్న బాబాయికి చేసింది.

తెల్లవారేసరికి కంకిపాడు, ఉయ్యూరు దాటేశాం. రోడ్డుకు రెండు పక్కలా మినుము పచ్చగా పరుచుకుని ఉంది. ఆ పచ్చదనం మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి వరికుప్పలు. ఇక్కడ వరి ఇంకా చేలో ఉండగానే మినుములు చల్లేస్తారు. కోత మిషన్ దిగితే మొలక నలిగిపోతుందని ఇలాంటి చేలల్లో చేత్తోనే కోసి, పనలు ఆరాక కట్టలు కట్టి కుప్ప వేస్తారు.

బాబాయి వాళ్ల చేలో ఈ రోజే నూర్పిడి. కుప్ప సగం విప్పారు కాబట్టి లోపలి అమరిక తేటగా కనిపిస్తోంది. దగ్గరకు రండి. ఆయన ఒక కట్ట లాగి అక్క చేతిలో పెట్టాడు.

"పట్టుకో అమ్మా. ఎటు తూగుతోంది?"

"వెన్నుల వైపు, బాబాయ్."

"అదే మరి. మొదళ్ల వైపు లావు, వెన్నుల వైపు బరువు. అందుకే వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి పెడతాం. పై వరస వచ్చి కింది వరసని వెన్నుల దగ్గర తొక్కి పట్టాలి. నడిమి ఎప్పుడూ ఎత్తుగా ఉండాలి. అక్కడ పల్లమైందంటే వాన నీళ్లు లోపలికి దిగి గింజ మొలకెత్తుద్ది."

విప్పిన వైపు నుంచి చూస్తే ప్రతి కట్టా బయటికి కొద్దిగా వాలి ఉంది. వాన మొదళ్ల మీద పడి జారిపోతుంది, లోపలి వెన్నులు పొడిగా ఉంటాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. పన తడిస్తే మొలక రాకుండా 5 శాతం ఉప్పు ద్రావణం చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. కుప్ప సరిగ్గా పడితే ఆ అవసరమే రాదు. తమ్ముడు చేతిలో నోట్‌బుక్ పట్టుకుని కుప్ప చుట్టూ తిరుగుతూ గీస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి మళ్లీ పటమట గదిలో ఉన్నాం. చతురస్రాలు పోయాయి. ఇప్పుడు పై నుంచి పడేది వరికట్ట: ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. గురుత్వ కేంద్రాన్ని అక్క వెన్నుల వైపు జరిపింది. ఘర్షణ పెంచి, పడ్డాక ఎగరకుండా చేసింది. ఏ కట్టా ఇంకోదానితో అచ్చంగా సరిపోకుండా కొలతల్లో చిన్న తేడాలు పెట్టింది. అన్నిటికన్నా పెద్ద మార్పు గెలుపులో వచ్చింది. ఎంత ఎత్తు పేర్చావన్న లెక్క తీసేసింది. తుఫాను వచ్చి వెళ్లాక ఎంత గింజ పొడిగా మిగిలిందన్నదే ఇప్పుడు లెక్క.

ఇప్పుడు తమ్ముడు మౌస్ వదలట్లేదు.

ఆదివారం సాయంత్రం లింకు బాబాయి ఫోన్‌కు వెళ్లింది. కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు.

"ఆట బానే ఉంది తల్లీ. గాలి ఒక్క పక్క నుంచే కొడుతుందేంటి మరి?"

"అంటే బాబాయ్?"

"ముందు ఈశాన్యం నుంచి కొడుద్ది. తుఫాను తీరం దాటాక దక్షిణానికి తిరుగుద్ది. ఒక పక్కే గట్టి చేసుకున్నవాడి కుప్ప రెండో గాలికి పోద్ది."

మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. తుఫాను కదిలే కొద్దీ ఒకే చేలో నిలబడ్డ మనిషికి గాలి దిక్కు మారిపోతుంది. కోడ్‌లో అది చిన్న మార్పే: గాలి విలువ సగం ఆటలో ప్లస్ నుంచి మైనస్‌కు తిరగాలి. అక్క ఆ వరస రాసి ఆట నడిపింది. అంతవరకూ ఎడమ పక్కకు ఒరిగి కూడా నెగ్గుకొచ్చిన కుప్ప, గాలి తిరగగానే ఆ పక్కకే కూలింది. మళ్లీ పేర్చాలి, ఈసారి రెండు పక్కలా సరితూగేలా. గడువు ఉండగానే ఆట అప్‌లోడ్ అయింది.

బరువును నమ్మించడానికి కావలసిన సంఖ్యలు ఏ ఇంజిన్‌లోనైనా ఉంటాయి. ఏ సంఖ్య ఎంత ఉండాలో మాత్రం పేర్చే మనిషి చేతికే తెలుసు. ఇటుకల బట్టీలో వరస పెట్టేవాళ్లు, గోదాములో బస్తాల మీద బస్తా వేసే హమాలీలు, కుప్ప మీద నిలబడి కట్టలు అందుకునే రైతులు డెల్టా అంతటా ఉన్నారు. ఈసారి జామ్‌కు కూర్చునే ముందు వాళ్లలో ఒకరి దగ్గరికి వెళ్లండి. ఒక కట్ట చేతిలోకి తీసుకుని, ఎటు తూగుతోందో చూసుకుని, అప్పుడు కోడ్ మొదలుపెట్టండి.