మాగాణి మీద వెలసిన నగరం: విజయవాడ శివార్ల చరిత్ర

కృష్ణానది కొండల నడుమ నుంచి మైదానంలోకి అడుగుపెట్టే చోట వెలసిన విజయవాడకు దక్షిణాన నది, పడమర ఇంద్రకీలాద్రి, ఉత్తరాన బుడమేరు హద్దులుగా నిలిచాయి. కొండను తొలచి ఇళ్లు కట్టుకోవడం కష్టం కావడంతో, నదిని దాటడం చాలాకాలం ఖర్చుతో కూడిన పని కావడంతో, ఊరు పెరగవలసి వచ్చిన ప్రతిసారీ తూర్పున పంటపొలాల మీదికో, ఉత్తరాన వాగు పల్లం మీదికో జరిగింది. నేడు ఈ నగరం శివార్లలో స్థలమో ఫ్లాటో కొనదలచిన కుటుంబం ధరను, రోడ్డు వెడల్పును, పాఠశాల దూరాన్ని విచారిస్తుంది. ఆ నేల నూరేళ్ల కిందట ఏమిటన్నది కూడా అంతే అవసరమైన విచారణ అని ఈ శివార్ల చరిత్ర చెబుతుంది.

ఆ చరిత్రకు మొదలు ఆనకట్ట. 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట ఆర్థర్ కాటన్ ఆలోచనకు, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణకు ఫలితం. నది నీటిమట్టాన్ని పెంచి, ఆ నీటిని రెండు గట్ల మీది కాలువలలోకి మళ్లించడం దాని పని. తూర్పు గట్టున బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరిని చీల్చుకుంటూ సాగిపోయాయి. వాటి కింద ఉన్న మెట్టభూములు, అంటే వాన మీదనే ఆధారపడి జొన్న వంటి పైర్లు పండిన భూములు, క్రమంగా మాగాణి అయ్యాయి. మాగాణి అంటే నీరు నిలబెట్టి వరి పండించే పల్లపు నేల. పటమట, కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప వంటి గ్రామాల సంపద ఈ మాగాణి నుంచే వచ్చింది. నీరు నిలిచే గుణమే ఆ భూముల విలువకు కారణమన్న సంగతిని తరువాతి కాలంలో వాటిని గజాల లెక్కన కొన్నవారు గుర్తుంచుకోవలసింది.

1888లో మునిసిపాలిటీ ఏర్పడడం, 1889లో నిజాం రాజ్యం నుంచి రైలుమార్గం చేరడం, 1893లో కృష్ణ మీద రైలు వంతెన ప్రారంభం కావడం ఒకదాని వెంట ఒకటి జరిగి, రేవు పట్టణమైన బందరును దాటి బెజవాడ (విజయవాడ పాత పేరు) జిల్లాలోనే పెద్ద వర్తక కేంద్రమైంది. రైల్వే ఉద్యోగులకు సత్యనారాయణపురం, వర్తకులకు గవర్నరుపేట, గాంధీనగరం ఆనాటి శివార్లు. ఇప్పుడవి నగరం నడిబొడ్డు. శివారు అన్నది స్థిరమైన చోటు కాదని, ప్రతి తరానికీ జరిగిపోయే అంచు అని దీనివల్ల తెలుస్తుంది. 1952లో పాత ఆనకట్టకు గండి పడడంతో 1954లో మొదలుపెట్టి 1957లో పూర్తిచేసిన ప్రకాశం బ్యారేజీ దాదాపు 13 లక్షల ఎకరాలకు నీరందించడమే గాక, పైన రోడ్డును కూడా మోసి తాడేపల్లి, ఉండవల్లి వైపు ఊరికి దారి తెరిచింది.

తూర్పు శివారు స్వభావాన్ని మార్చినది 1966లో ఏర్పడిన ఆటోనగర్. లారీలకు బాడీలు కట్టేవారు, ఇంజన్లు బాగుచేసేవారు, విడిభాగాలు అమ్మేవారు ఊరి మధ్య నుంచి ఒకే చోటికి తరలగా, వారి వెంట పనివాళ్ల ఇళ్లు, హోటళ్లు, విద్యాసంస్థలు వచ్చి చేరాయి. 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాలను కలిపి పట్టణాభివృద్ధి సంస్థను నెలకొల్పడంతో శివారు గ్రామాలలో లేఅవుట్లు వేయడానికి అనుమతి తీసుకోవలసిన పద్ధతి వచ్చింది. లేఅవుట్ అంటే పొలాన్ని రోడ్లుగా, ప్లాట్లుగా, ప్రజోపయోగ స్థలంగా విభజించి చూపే ఆమోదిత పటం. అయితే గ్రామ పంచాయతీ ముద్ర చాలునని నమ్మి, పటంలో పార్కుగా చూపిన భాగాన్ని కూడా అమ్ముకున్న లేఅవుట్లు తరువాతి దశాబ్దాలలో పుట్టుకొచ్చాయి. వాటిని క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వం మళ్లీ మళ్లీ పథకాలు తేవలసి రావడమే ఆ తప్పు ఎంత విస్తరించిందో చెబుతుంది. 2014 చివరలో ఆ పట్టణాభివృద్ధి సంస్థ స్థానంలో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది. కొత్త రాజధాని అమరావతి కోసం 33 వేల ఎకరాలకు పైగా భూమిని రైతులు సమీకరణ పద్ధతిలో ఇచ్చిన తరువాత, నదికి రెండు వైపులా శివారు భూమి ధర నేల స్వభావంతో సంబంధం లేకుండా రాజకీయ ఆశలతో పెరుగుతూ తరుగుతూ వచ్చింది.

ఉత్తరపు శివారు కథ వేరు, బాధాకరమైనది. మైలవరం వైపు కొండల నీటిని తెచ్చే బుడమేరు ఊరి ఉత్తర భాగాన్ని తాకుతూ వచ్చి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ అడుగున కట్టిన సొరంగం గుండా అవతలికి పోయి, చివరికి కొల్లేరులో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు పిల్లకాలువలా కనిపించే ఈ వాగు రెండు రోజుల కుండపోతకు నదిలా మారుతుంది. ఆ ఉద్ధృతిని తగ్గించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం వైపు మళ్లింపు కాలువ తవ్వి, వరదనీటిని బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటులో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. కృష్ణలో కూడా అదే సమయంలో వరద ఉంటే నదిమట్టం ఎత్తుగా నిలిచి, మళ్లింపు కాలువ నీరు దిగలేక వెనక్కి తన్నుతుంది. పట్టిసీమ నుంచి గోదావరి నీటిని తెచ్చే దారిగా కూడా ఆ కాలువనే వాడుకోవడం తరువాతి పరిణామం.

ఈ పల్లంలోనే ప్రభుత్వాలు పేదలకు చోటు చూపించాయి. కొండవాలుల నుంచి, కాలువగట్ల నుంచి తరలించినవారు చేరిన అజిత్‌సింగ్‌నగర్, 2000 తరువాత గృహనిర్మాణ పథకాల కింద వెలసిన వాంబే కాలనీ, జక్కంపూడి కాలనీ బుడమేరు పరీవాహకంలోనివే. నగరంలో ఎత్తైన నేల ఖరీదైనది కావడంతో, తక్కువ ధరకు దొరికే పల్లం పేదల వాటాకు వచ్చింది. ఇది యాదృచ్ఛికం కాదు, ప్రణాళికలోని అన్యాయం. 2005 సెప్టెంబరులో సింగ్‌నగర్ నీటమునిగినప్పుడు మళ్లింపు కాలువను వెడల్పు చేయాలని నిర్ణయించినా, ఆ పని సంపూర్ణం కాలేదు. 2024 ఆగస్టు చివర కురిసిన వానకు బుడమేరు మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడి, సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. సరిగ్గా అప్పుడే, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం నమోదైంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అదే వరదలో, నది ఒడ్డునే ఉన్న కృష్ణలంక అడ్డుగోడ ఉండడం వల్ల చాలావరకు గట్టెక్కింది. ఆపద ఏ గట్టున ఉందో ముందుగా గుర్తించి ఖర్చు పెట్టిన చోట, అలక్ష్యం చేసిన చోట ఫలితాలు ఎంత తేడాగా ఉంటాయో ఒకే వారంలో ఒకే నగరం చూపించింది.

శివారుకు వెళ్లదలచినవారికి ఈ చరిత్ర ఆచరణలో పనికివచ్చే ఆధారాలనే వదిలివెళ్లింది. వాటిలో ప్రధానమైనవి భూమి రికార్డులు. బ్రిటిష్ కాలపు సర్వే, సెటిల్మెంటుల నాటి వివరాలను చూపే డైగ్లాట్ రిజిస్టరులో, ప్రతి సర్వే నంబరు కొలతల పటాన్ని చూపే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్ (ఎఫ్.ఎం.బి.)లో ఆ నేల పల్లమా మెట్టా, వాగు పోరంబోకా, చెరువా, డొంకా అన్నది స్పష్టంగా ఉంటుంది. పోరంబోకు అంటే పన్ను వేయక ప్రజల అవసరానికి ఉంచిన ప్రభుత్వ భూమి; డొంక అంటే పశువులు, బండ్లు నడిచే పాత దారి. ఏటేటా పంట వివరాలు నమోదైన అడంగల్ ఆ నేల మీద వరి పండిందో మినుము పండిందో చెబుతుంది. పేదలకు పంచిన భూముల అమ్మకాన్ని నిషేధించిన 1977 చట్టం, వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చుకోవడానికి 2006లో వచ్చి 2025లో రద్దయిన చట్టం, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద రిజిస్టరు చేయరాని భూముల జాబితా ఎదుట పెట్టుకుని పరిశీలిస్తే, దస్తావేజు ఎంత అందంగా ఉన్నా దాచలేని విషయాలు బయటపడతాయి.

కొత్త శివారు గ్రామాలలో తాగునీరు, మురుగు కాలువలు ఇళ్ల సంఖ్యతో పాటు పెరగలేదు. కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకిలను కలిపి మునిసిపాలిటీ చేయవలసి రావడం దీనికి గుర్తు. అందువల్ల ప్లాటు కొనేవారు నీరు ఎక్కడి నుంచి వస్తుందో, మురుగు ఎటు పోతుందో, పన్ను ఏ సంస్థకు కట్టాలో కూడా విచారించాలి. కానీ వీటన్నింటికంటే ముందు చేయవలసింది ఒకటుంది. వానాకాలం ముసురు పట్టినప్పుడు ఒకసారి ఆ స్థలానికి వెళ్లి చూడాలి. అక్కడి వయసుమీరిన రైతులను, 2005లోనూ 2024లోనూ ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయని అడగాలి. రెవెన్యూ కార్యాలయానికి వెళ్లి సర్వే నంబరు పాత వర్గీకరణ నకలు తీసుకోవాలి. బయానా ఇచ్చేది ఆ తరువాతే.