పాడు కానివ్వని పాడు

బెంగుళూరు చేరిన మన కుటుంబాలకు సముద్రం దూరమైనది. అయినను తీరవాసుల కట్టుబాటొకటి మన పిల్లలకు చెప్పదగినది.

"పాడు" అనగానే మనకు చెడిపోవుటయే తోచును. పులికాట్ సరస్సుపై బ్రతుకు పట్టపువారికి మాత్రం అది వంతు. ఆంధ్ర, తమిళనాడుల నడుమనున్న ఈ సరస్సు, ఉప్పునీటి సరస్సులలో చిలకా తరువాత మన దేశమున రెండవది. డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టినది ఈ ఒడ్డుననే.

సముద్రపు మొగ దగ్గర రొయ్యలు మెండు. అందరును అచ్చటనే వలవేసిన కలహము తప్పదు, రొయ్యయు మిగలదు. అందుచే ఊరిపెద్దలు హక్కుదారుల పేర చీట్లు తీసి తావులు పంచు ఆచారము తరతరాలుగా వచ్చినది. నేడు మంచి తావు దొరకినవాడు రేపు దానిని మరొకనికి విడువవలెను. శ్రీలంకలోని నీగొంబోలోను, కొచ్చిలోను ఇట్టి పద్ధతి కలదు.

లోపమును దాచరాదు. ఈ హక్కు కులమునుబట్టి వచ్చునది. ఆ ఒడ్డుననే పుట్టినను చీటిలో పేరు లేనివానికి మంచి తావు లేదు. తగవులు అందుకే పుట్టినవి.

ఇప్పుడు ప్రభుత్వమును హద్దు పెట్టినది. తూర్పుతీరమున ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లుపెట్టు కాలమని యంత్రపు పడవలకు వేట నిషేధము. ఉగాది వెళ్ళిన కొలది దినములకే అవి ఒడ్డు చేరును. అప్పుడిచ్చట చేప ధర పెరిగిన విసుగుకొనకుందము.

హద్దు పెట్టుకొనుట పూర్వులు నేర్పినారు. చీటిలో అందరి పేర్లు చేర్చుట మన కాలపు పని.