పూతరేకు మీద ఎవరి పేరు? ఆత్రేయపురంలో ప్రమాణాలు, గుర్తింపు

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది సర్ ఆర్థర్ కాటన్ పేరుతో ఏర్పడిన అక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దొర పేరు మిఠాయికీ అంటుకోవడం గోదావరి వాళ్లకు వింతేమీ కాదు. ఆ గుర్తింపు తయారీలో ఎవరిదాకా చేరుతుందన్నదే ఈ వ్యాసంలో పరిశీలించే విషయం.

పూతరేకులో పని రెండు దశలు. మొదటిది రేకు తీయడం. బోర్లించిన మట్టికుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటే, జయ రకం బియ్యం రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగుతారు. పిండి క్షణంలో ఆరి పొరగా లేస్తుంది. పిండి చిక్కబడినా, సెగ తప్పినా రేకు చెడుతుంది. ఆ అంచనా అలవాటైన చేతికే తెలుస్తుంది. రెండోది నెయ్యి, పంచదార పొడో బెల్లం పొడో వేసి చుట్టడం. రేకులు తీసేది ఎక్కువగా ఇళ్లలో ఆడవాళ్లు. వాటిని కొని, చుట్టించి, పెట్టెల్లో అమ్మేది దుకాణదారులు.

నిబంధనలు చూసేది ప్రధానంగా రెండో దశను. పెట్టె మీది లేబుల్‌లో కనిపించేది అమ్మేవారి పేరు, వారి 14 అంకెల ఆహార భద్రత సంఖ్య. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ఇంకో అడుగు వేసి, ‘ఉత్పత్తిదారు’ నిర్వచనంలోనే ఆ సరుకుతో వ్యాపారం చేసేవారినీ కలిపింది. అంటే రేకు తీయడం రానివారూ ఆ గుర్తింపును వాడుకునే అధీకృత వినియోగదారులుగా నమోదు కావచ్చు. ఆ దరఖాస్తు రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. 12 లక్షల లోపు వ్యాపారానికి ఆహార భద్రత నమోదు రుసుమును 2011 నిబంధనలు ఏడాదికి 100 రూపాయలుగా పెట్టాయి. రుసుములు ఇంత తక్కువైనప్పుడు, రేకు తీసేవారు గుర్తింపుకు బయట ఉండడానికి కారణాన్ని పని అమరికలోనే వెతకాలి.

రేకు తీసేవారికి సాయం పేరుతో సాధారణంగా సూచించేది ఉమ్మడి షెడ్డు. ఆహార భద్రత నమోదు స్థలాన్ని బట్టి ఇస్తారు కనుక, ఒకే షెడ్డుకు ఒకే నమోదు సులువే. 2020లో మొదలైన సూక్ష్మ ఆహార పరిశ్రమల కేంద్ర పథకం స్వయం సహాయక సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలధనం ఇచ్చే వీలు కూడా కల్పించింది. కానీ వంటకూ పిల్లల బడికీ మధ్య దొరికిన వేళల్లో ఇంట్లో కుండ ముందు కూర్చునే మనిషి షెడ్డుకు ఎప్పుడు వెళ్తుంది? నా దృష్టిలో షెడ్డు చుట్టడానికే సరిపోతుంది. రేకు ఇంట్లోనే ఉండాలి. శుభ్రమైన నీళ్లు, ఉతికిన గుడ్డ, తేమ తగలని డబ్బా లాంటి ఏర్పాట్లే ఇంటికి రావాలి. బెల్లం రేకు ఎన్నాళ్లు నిలుస్తుందో పరీక్ష చేయించడం ఒక ఇంటికి మించిన ఖర్చు. అది తయారీదారుల సంఘం పని.

ఇక పేరు సంగతి. దుకాణానికి చేరే ప్రతి రేకుల కట్టతో తీసినామె పేరు, తేదీ రాసిన చీటీ ఉంటే చాలు. ఫిర్యాదు వస్తే లోపం ఎక్కడిదో తెలుస్తుంది. తర్వాత ఆమె నమోదుకు అడిగితే చూపించడానికి ఆధారమూ ఉంటుంది. దుకాణదారుల అభ్యంతరం కూడా ఈ చీటీ దగ్గరే రావచ్చు. ఎవరి రేకు బాగుంటుందో చీటీల్లో తేలిపోతే, ఆమె ధర పెంచమంటుంది.