ఇనుప బూటు కథ, మన గ్రౌండు కథ



కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, తెల్లారకముందే మన హాస్టల్ గ్రౌండు నిండిపోతుంది. అప్పటిదాకా పరుగు ఊసే లేనివాళ్ళం మొదటిరోజే 1600 మీటర్లు మూడుసార్లు కొట్టేస్తాం. మూడో వారానికి మోకాలి కింద ముందు ఎముక పట్టుకుని కూర్చుంటాం. పోయినసారి మాలో ఒకడు ఆ నొప్పితోనే పరిగెత్తీ పరిగెత్తీ, ఈవెంట్స్ రోజుకి నడవలేకపోయాడు. ప్రిలిమ్స్ పాసైనవాడు. "కొండలెక్కే కాళ్ళురా మనవి, ఏం కాదు" అని వాడిని ఎగదోసింది మేమే. అది మాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఎవరి ఒంటికి ఎంత కష్టం పెట్టాలనే లెక్కకు ఒక చరిత్ర ఉంది. చదివాక మీకూ చెప్పాలనిపించింది.

1944. అమెరికాలో చికాగో నగరం, గార్డినర్ జనరల్ హాస్పిటల్. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న సైనికులతో మంచాలన్నీ నిండిపోయాయి. మోకాళ్ళు బాగుచేసినా తొడ కండ సన్నబడిపోయి, మనిషి నెలల తరబడి ఇంటికి పోలేని పరిస్థితి. తేలికపాటి కసరత్తే ఎక్కువసార్లు చేయించడం అప్పటి పద్ధతి. అక్కడ థామస్ డెలోర్మ్ అనే కుర్ర డాక్టరు ఉండేవాడు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో మంచం పట్టి, లేచాక బరువులెత్తి బలం తెచ్చుకున్నవాడు. ఆయన సైనికుడి పాదానికి ఇనుప బూటు కట్టి, దానికి బరువు బిళ్ళలు తగిలించి, కూర్చున్నచోటే కాలు చాపించాడు.

అసలు తెలివి బూటులో లేదు, బరువు తేల్చిన తీరులో ఉంది. ఒక మనిషి సరిగ్గా పదిసార్లు ఎత్తగలిగిన బరువెంతో, అదే అతని కొలత. పక్క మంచం వాడి కొలత వేరే. వారానికోసారి మళ్ళీ చూసి, బలం పెరిగితేనే బరువు పెంచేవాడు.

మొదట్లో ఆయన కూడా ఎక్కువే చేయించాడు. పదేసి చొప్పున ఏడు నుంచి పది విడతలు! అంత అవసరం లేదని తర్వాత ఆయనకే అర్థమైంది. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి దాన్ని మూడు విడతలకు తగ్గించాడు. మొదటిది సగం బరువుతో, రెండోది ముప్పావుతో, చివరిదే పూర్తి బరువుతో. ఇప్పుడు ఏ జిమ్‌కి పోయినా వినిపించే "మూడు సెట్లు, పదేసి" అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. సగం, ముప్పావు సంగతి మాత్రం చాలామంది మర్చిపోయారు. నేరుగా పెద్ద బరువు మీదకే చెయ్యి పోతుంది!

"అది పేషెంట్ల సంగతి కదా" అంటారేమో. మన మాలావత్ పూర్ణ సంగతి చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ధైర్యం గురించి అందరం చెప్పుకుంటాం గానీ, ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ తర్వాత లడఖ్ చలి, ఇట్లా మెట్టు మెట్టుగా ఎక్కిందని ఎంతమందిమి చెప్పుకున్నాం?

ఈసారి గ్రౌండులో మేమొక నోట్‌బుక్ పెట్టాం. ఎవరి పేజీ వాళ్ళది. ఎంత దూరం పోతే ఆయాసం వచ్చింది, పొద్దున లేస్తే ఎక్కడ నొప్పి ఉంది, అంతే రాస్తున్నాం. పక్కవాడి పేజీ చూసి పరుగు పెంచకూడదని మాట అనుకున్నాం. ఎముక మీద వేలు పెడితే ఒకేచోట పోటు పొడిచినట్టున్నవాళ్ళు రేపు పరుగుకి రాకండి. ముందు డాక్టరుకి చూపించుకోండి, తోడు మాలో ఎవరైనా వస్తాం.