పెద్దల పుస్తకాల్లో దాగిన పిల్లలు

శివుడికి తల్లి లేదని బెజ్జ మహాదేవికి దిగులు. కన్నతల్లే ఉంటే బిడ్డ అలా బైరాగిలా తిరిగేవాడా అని ఆమె బాధ. చివరికి తానే తల్లి కావాలనుకుంటుంది. శివుణ్ణి పసిబిడ్డగా ఒళ్లోకి తీసుకుని నూనె రాసి, ఒళ్లు పట్టి, వేడినీళ్లు పోసి, ముక్కు తీర్చి, కాటుక పెట్టి, ఉగ్గుగిన్నె అందుకుంటుంది. బిడ్డ ఒకరోజు పాలు ముట్టకపోతే అంగిట్లో ముల్లు లేచిందేమోనని హడలిపోతుంది. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు బసవ పురాణంలో చెప్పిన కథ ఇది. ఆయన ఊరు పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో మండల కేంద్రం. భక్తిని పక్కన పెట్టి చదివితే ఈ కథ పసిబిడ్డకు లాల పోసే పద్ధతిని వరసగా చెబుతుంది. మన పల్లెల్లో బాలింత ఇంటికి వచ్చే ముసలమ్మ ఈనాటికీ దాదాపు ఆ వరసలోనే చేస్తుంది.

అదే పురాణంలో గొడగూచి అనే చిన్నపిల్ల కథ ఉంది. తండ్రి ఊరికి పోతూ రోజూ గుడిలో పాలు నైవేద్యం పెట్టమని చెప్పిపోతాడు. నైవేద్యమంటే దేవుడు నిజంగా తాగుతాడని ఆ పిల్ల నమ్మకం. శివుడు గిన్నె ముట్టడు. పిల్ల బతిమాలుతుంది, బుజ్జగిస్తుంది, నాన్న కోప్పడతాడని ఏడుస్తుంది. పెద్దలు మామూలుగా అనేసిన మాటను పిల్లలు ఉన్నదున్నట్టు పట్టుకోవడం వల్ల పుట్టే చిక్కు ఇది. పిల్లల మనసును ఇంత దగ్గరగా చూసిన రచనలు ఆ తర్వాత ఆరేడు వందల ఏళ్లలో కూడా చాలా లేవని నా లెక్క.

పాలకుర్తి మండలంలోనే బమ్మెర. పదిహేనో శతాబ్దంలో పోతన అక్కడివాడు. ఆయన భాగవతంలో దశమ స్కంధం సగం ఇల్లూ వాకిలీ గొడవే: మన్ను తిన్న కొడుకు, ఇరుగుపొరుగు చెప్పే చాడీలు, కొట్టడానికి చెయ్యి రాక రోటికి కట్టేసిన తల్లి. సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్ర ఇంకా పదునైనది. బడి నుంచి వచ్చిన కొడుకును తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం నేర్చుకున్నావని అడుగుతాడు. తాను కోరుకున్న జవాబు రాలేదు కాబట్టి ముందు అయ్యవార్ల మీద, తర్వాత కొడుకు మీద విరుచుకుపడతాడు. ర్యాంకుల కాలంలో ఆ సన్నివేశం చదివి ఉలిక్కిపడని తండ్రి ఉంటాడా?

ఇంత మంచి ఆరంభం దొరికిన నేల మీద ఆ తర్వాత పిల్లల పుస్తకాలు వరసగా రావాలి. రాలేదు. అచ్చు యంత్రం వచ్చాక తెలుగు పిల్లల చదువు మద్రాసు చుట్టూ తిరిగింది. పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష 1832లో అక్కడే అచ్చయింది. అది పెరిగి పెద్ద బాలశిక్ష అయింది. నిజాం రాజ్యంలోని మన ఊళ్లలో సర్కారు బడి ఉర్దూ నేర్పేది. తెలుగు కావాలంటే పంతోజీ నడిపే ఖాన్గీ (ప్రైవేటు) బడికి పోవాలి. అటువంటి బడి పెట్టడానికీ అనుమతులు కావలసిన రోజులు కూడా వచ్చాయి. పిల్లలు ఇంట్లో ఒక భాషలో ఏడ్చి, బడిలో ఇంకో భాషలో పాఠం అప్పజెప్పారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా అమ్మాడు. కానీ ఆ గ్రంథాలయ ఉద్యమానికి ముందు పెద్దలకు అక్షరం, ఆత్మగౌరవం అందించడమే తలకు మించిన పని. పిల్లల వంతు వెనక్కి పోయింది. అందుకు ఆ తరాన్ని తప్పుపట్టలేం.

ఒక పక్కదారి కూడా చూడాలి. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య పల్లె ఉపాధ్యాయులను ఒంటరిగా కాక భార్యలతో సహా చేర్చుకుని తయారు చేయించాడు. ఇల్లు మారకపోతే బడి మారదని ఆయనకు తెలుసు. ఈ ప్రాంతంలో తల్లిదండ్రులను కూడా చదువులో భాగంగా చూసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

పుస్తకాలు లేనంత మాత్రాన బాల్యానికి కథలు లేవని కాదు. ఆడపిల్లలకు బతుకమ్మకు ముందే బొడ్డెమ్మ పండుగ వచ్చేది. మేడారం వైపు అడవుల్లో, పులుల మధ్య దొరికిన పసిబిడ్డ సమ్మక్కగా పెరిగిన కథ తరతరాలుగా నోటి మీదే నడిచింది.  ధర్మసాగర్ వైపు దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసి, 1958లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. జోలపాటలు, పిల్లల ఆటపాటలు పండితుల బల్ల మీదికి ఎక్కింది అప్పుడే. పిల్లల చేతికి మాత్రం అవి తిరిగి రాలేదు.

ఈలోగా పత్రికలు వచ్చాయి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' మొదలుపెట్టారు. 1947 జులైలో చందమామ వచ్చింది. రెండూ మద్రాసు నుంచే. ఇటు జనగామ సికింద్రాబాద్ లైను మీద, అటు మానుకోట (మహబూబాబాద్) బెజవాడ రైలు లైను మీద ఉండడం ఈ పత్రికలకు కలిసొచ్చింది. చింతా దీక్షితులు సూరి, సీతి, వెంకి, ముళ్లపూడి వెంకటరమణ బుడుగు తెలుగు పిల్లలందరి వాళ్లయ్యారు. బుడుగును ప్రేమించని ఇల్లు తక్కువ. కానీ బుడుగు ఇంట్లో బామ్మ, బాబాయి, పక్కింటి లావుపాటి పిన్నిగారు ఉంటారు. జీతగాడిగా పశువుల వెంట పోయే పిల్లవాడు ఉండడు. ఆ లోకం వేరు, ఆ భాష వేరు. తర్వాత విశాలాంధ్ర బండ్లలో మాస్కో పుస్తకాలు కారు చౌకగా వచ్చాయి. మన పిల్లలు మంచు, బిర్చి చెట్ల గురించి చదివారు. తంగేడు గురించి చదవడానికి పుస్తకం దొరకలేదు.

మరి ఇక్కడి బాల్యం ఎక్కడికి పోయింది? పెద్దల పుస్తకాల్లోకి పోయింది. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదే. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరులో 1925లో దాశరథి కృష్ణమాచార్య, 1928లో తమ్ముడు రంగాచార్య పుట్టారు. తండ్రి వేంకటాచార్యులు సంస్కృత పండితుడు. ఇంట్లో సంస్కృతం, తెలుగు, బడిలో ఉర్దూ. అన్న తర్వాత గాలిబ్‌ను తెలుగు చేశాడంటే ఆ చిన్ననాటి భాషల సంత ఊరికే పోలేదన్నమాట. తమ్ముడి జీవనయానం పేరుకు ఆత్మకథ. చదివితే ఒక కాలపు తెలంగాణ ఇల్లు, తిండి, ఆచారాలు, భయాలు కళ్లకు కడతాయి. ఆయన చిల్లర దేవుళ్లు నవలలో వనజ అనే ఆడబాప ఉంది. దొర కూతురికి పెళ్లయి అత్తారింటికి పోతే వెంట పంపే ఆడపిల్ల ఆడబాప. పెళ్లి ఉండదు, తనదనే ఇల్లు ఉండదు, పుట్టిన బిడ్డకు తండ్రి పేరు ఉండదు. కుటుంబ జీవితం గురించిన పుస్తకమంటే కుటుంబం దక్కని వాళ్ల గురించి కూడా కదా. ఈ సంగతి దొరల గడి చుట్టూ తిరిగిన రంగాచార్య చెప్పినంత సూటిగా ఏ పిల్లల పత్రికా చెప్పలేదు. చెప్పగలిగేదీ కాదు.

జనగామ వైపు వావిలాలలో 1941లో పుట్టిన దొంగరి మల్లయ్య అంపశయ్య నవీన్ అయ్యాడు. 1969లో వచ్చిన అంపశయ్య యూనివర్సిటీ కుర్రవాడి ఒక్కరోజు కథ కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేద్దాం. 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిన కాలరేఖలు మాత్రం మనకు కావలసిన పుస్తకం. 1940ల నాటి పల్లె, తెలంగాణ సాయుధ పోరాటపు రోజులు, వాటి మధ్య బడికి పోయే పిల్లవాడు అందులో ఉంటారు. దాని తరువాయి నవలల్లో ఒకదాని పేరే బాంధవ్యాలు. కడవెండిలో దొడ్డి కొమరయ్య 1946 జులై 4న నేలకొరిగాడని పాఠంలో చదివిన పిల్లలకు, ఆ ఏడాది అక్కడి ఇళ్లలో ఏం వండుకున్నారో, ఎవరు ఎవరికి భయపడ్డారో చెప్పేవి ఇటువంటి నవలలే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఇంకో అడుగు ముందుకు వేసింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ అందులో తన నోటితోనే మాట్లాడుతుంది. అజ్ఞాతంలో ఉండి కన్నబిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టాల్సి వచ్చిన తల్లి మాటలూ అందులో ఉన్నాయి.

పిల్లల పాఠాల మీద ముఖాముఖి దాడి చేసినవాడు నర్సంపేట వైపు పాపయ్యపేట గొల్లకురుమల ఇంటి నుంచి వచ్చిన కంచ ఐలయ్య. 1996లో ఇంగ్లీషులో వచ్చి, తెలుగులో 'నేను హిందువు నెట్లయిత?'గా చదివిన ఆ పుస్తకం మొదటి అధ్యాయం బాల్యం గురించే. గొర్రెల మంద, ఇంటి పని, కులపు మాట ఇవేవీ పాఠ్యపుస్తకంలో కనబడవనీ, కాళిదాసు తమకు షేక్‌స్పియర్ అంత దూరపువాడేననీ ఆయన వాదన. దాని మీద ఎన్ని తగాదాలున్నా, బడి పుస్తకానికీ ఇంటికీ మధ్య గోడ ఉందన్న మాట కాదనలేం. ఆయన వాదనతో ఆగలేదు. 2007లో 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' అని పిల్లల కోసం ఒక పుస్తకమే రాశాడు. కుమ్మరి, చాకలి, మంగలి, రైతు చేసే పనులు అందులో ఒక్కో పాఠం. బొమ్మలు గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్‌వి. మరుసటి ఏడాది అన్వేషి సంస్థ తెచ్చిన పిల్లల కథల వరసలో గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారు మాదిగ పల్లెల, ముస్లిం ఇళ్ల పిల్లలను కథానాయకులను చేశారు.

తల్లిదండ్రుల కోసం రాసిన పుస్తకాలది వేరే దారి. బడుల తనిఖీ ఉద్యోగం చేసిన చలం 'బిడ్డల శిక్షణ' రాసి పిల్లలను కొట్టే పెద్దలనే బోనెక్కించాడు. గిజుభాయి పగటికల, తెత్సుకో కురొయనాగి రైలుబడి తెలుగులోకి వచ్చి ఉపాధ్యాయుల సంచుల్లో చోటు సంపాదించాయి. నామిని ఇస్కూలు పుస్తకం రాయలసీమ యాసలో పంతుళ్లనూ తల్లిదండ్రులనూ కలిపి తిట్టింది. ఇవన్నీ పిల్లవాడి పక్షాన నిలబడ్డ పుస్తకాలు. కార్పొరేట్ కాలేజీల కాలం వచ్చాక తల్లిదండ్రులు కొనేవి మారాయి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, విజయం అనే మాటలు అట్టల మీదికి ఎక్కాయి. బి.వి. పట్టాభిరామ్ 'కష్టపడి చదవొద్దు ఇష్టపడి చదవండి' వాటిలో మర్యాదైనది. మిగతా వాటిలో చాలా మటుకు పిల్లవాణ్ణి బాగు చేయవలసిన యంత్రంగానే చూస్తాయి.

మహనీయుల జీవిత కథలది ఇంకో తంటా. ఆచార్య జయశంకర్ పేరు భూపాలపల్లి జిల్లాకు పెట్టారు.  నిజాం స్తుతి పాడాల్సిన చోట వందేమాతరం అందుకున్న కుర్రవాడిగా ఆయన గురించి చెప్పుకుంటారు. బాగుంది. కానీ అటువంటి పుస్తకాల్లో బాల్యమంటే పెద్దయ్యాక చేయబోయే పనులకు రిహార్సలే. ఆ కుర్రవాడు ఏ ఆట ఆడాడో, అమ్మతో దేనికి పోట్లాడాడో ఎవరూ రాయరు.

చందమామ 2012 తర్వాత ఆగిపోయింది. అప్పటికే మంచి పుస్తకం వంటి చిన్న ప్రచురణ సంస్థలు బొమ్మల పుస్తకాలతో వస్తున్నాయి. అమెరికా తెలుగువారి సంఘం తానాతో కలిసి మంచి పుస్తకం నడిపిన పోటీల వల్ల కొత్త రచయితలు, చిత్రకారులు బయటపడ్డారు. అనంతపురం వైపు నుంచి 2008లో మొదలైన కొత్తపల్లి పత్రిక పిల్లలు చెప్పిన కథలను వాళ్ల మాటల్లోనే అచ్చు వేసింది. తెలంగాణలో మణికొండ వేదకుమార్ బాలచెలిమి తరఫున జిల్లాల వారీగా బడి పిల్లల కథలు పుస్తకాలుగా తెచ్చారు. నూట తొంభై ఏళ్ల అచ్చు చరిత్రలో ఈ వైపు పిల్లలే రచయితలవడం ఇటీవలి మాట.

అయితే ఒక ఫిర్యాదు. బడి పిల్లల కథలు చాలా వాటికి చివర నీతి అతికించి ఉంటుంది. కుందేలు, రాజు, అత్యాశ పడ్డ వ్యాపారి పదే పదే వస్తారు. మిరప కోతకు పోయిన అమ్మ, బొగ్గు బాయిలో మూడో షిఫ్టు చేసి పగలు పడుకునే నాన్న, నిద్ర చెడకుండా ఇంట్లో చప్పుడు చేయొద్దనే హెచ్చరిక, వలస పోయిన అన్న అరుదుగా కనబడతారు. పిల్లలకు అవి తెలియక కాదు, కథ అంటే అలాగే ఉండాలని మనం నేర్పాం. మానుకోట లంబాడీ తండాల్లో ఇంట్లో గోర్‌బోలి మాట్లాడి బడిలో తెలుగు రాసే పిల్లకు ఈ చిక్కు రెండింతలు. ఉర్దూ బడి నాటి దాశరథుల చిక్కే అది, భాషలే మారాయి. నిజామాబాద్ వైపు తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథల్లో ఆ ఇంటి భాషను తెలుగులోకి లాక్కొచ్చాడు. 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నాడు. అవి కూడా పెద్దల కథలే. కానీ పెద్దల పుస్తకాల్లో దాగిన బాల్యాన్ని పిల్లలకు తిరిగి ఇవ్వడం కష్టం కాదు. జీవనయానంలోని చిన్ననాటి పేజీలు, కాలరేఖల్లోని బడి రోజులు, ఐలమ్మ చెప్పుకున్న ఇంటి సంగతులు విడిగా తీసి, పెద్ద అక్షరాలతో, బొమ్మలతో పలచటి పుస్తకాలుగా వేయడానికి కొత్త రచయిత కూడా అక్కర్లేదు. హక్కుదారుల అనుమతి, ఒక మంచి చిత్రకారుడు, బడి లైబ్రరీల ఆర్డరు ఉంటే చాలు. వీటిలో కాస్త కష్టమైనది మూడోదే.